మందు గురించి అడిగితే మండిపాటు ఎందుకు?

“గోలీ మింగినప్పటి సంది మూత్రం రంగు మారింది. మింగాల్నా, ఆపాల్నా?”

ఈ ప్రశ్నకు సరైన జవాబులు రెండున్నాయి. అడిగిన మనిషి క్షయకు మందు వాడుతుంటే అది రిఫాంపిసిన్ పని. మూత్రం నారింజ రంగులో రావడం మామూలే, భయపడి ఆపితేనే ముప్పు. నెల మింగి వదిలేసిన క్షయ మొండికేసి తిరగబెడుతుంది. అదే మనిషి మలేరియాకు పద్నాలుగు రోజుల ప్రైమాక్విన్ మింగుతుంటే, మూత్రం టీ డికాక్షన్‌లా నల్లబడితే, లోపల ఎర్ర రక్తకణాలు పగిలిపోతున్నాయని అర్థం. జి6పిడి అనే ఎంజైమ్ పుట్టుకతో తక్కువున్నవాళ్లకు ఇలా అవుతుంది. అప్పుడు గోలీ అక్కడే ఆపి దవాఖానకు పరుగెత్తాలి. ఒకరిని ఆపొద్దని చెప్పాలి, ఇంకొకరిని వెంటనే ఆపమనాలి. ప్రశ్న మాత్రం అక్షరం మారకుండా ఒకటే.

మూడో జవాబు కూడా ఒకటుంది. “చెప్పినట్టు మింగు, అన్నీ నీకెందుకు?” నూటికి తొంభై చోట్ల దొరికేది అదే. ఆ మాట చెప్పినవాడు అడిగినవాళ్లు మొదటి రకమో రెండో రకమో తేల్చుకోనే లేదు. మందుల సంగతిలో కసురుకోవడాన్ని మనం ఇన్నాళ్లూ మర్యాదకు సంబంధించిన విషయంగా చూశాం, అందుకే పెద్దగా పట్టించుకోలేదు. నా దృష్టిలో అది వైద్యంలో జరిగే పొరపాటు కిందే లెక్క.

అమ్రాబాద్ నుంచే మొదలుపెడదాం. నాగర్‌కర్నూల్ జిల్లాలో, నల్లమల పీఠభూమి మీద, రెండు వేల ఆరు వందల చదరపు కిలోమీటర్లకు పైబడిన పులుల అభయారణ్యానికి తన పేరిచ్చిన ఊరు. చుట్టూ పెంటలనే చెంచు గూడేలు. మన్ననూరులో చెంచుల కోసం ఐటీడీఏ కార్యాలయం ఉంది. శ్రీశైలం పోయే రోడ్డులో అడవి భాగాన్ని రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మామూలు బండ్లకు మూసేస్తారు. లోపలి పెంటల్లో ఫోన్ సిగ్నల్ ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. హైమండార్ఫ్ 1940లో ఇక్కడి చెంచుల మధ్య తిరిగి 1943లో వాళ్ల మీద పుస్తకం వేశాడు. ఆనాటి నుంచి పరిశోధకులు, జనాభా లెక్కలవాళ్లు, అటవీ అధికారులు, 2019లో యురేనియం తవ్వకాల గొడవప్పుడు కెమెరాలు మోసుకొచ్చినవాళ్లు, అందరూ చెంచులను ప్రశ్నలడిగినవాళ్లే. ఏం తింటారు, ఏ చెట్టు దేనికి పనికొస్తుంది, పిల్లలెంతమంది అని. ఎనభై ఏళ్లుగా ఓపిగ్గా జవాబు చెబుతున్న ఆ మనుషులు తిరిగి ఒక్క ప్రశ్న, చేతిలోని గోలీ గురించి అడిగితే చెప్పేవాడికి తీరిక ఉండదు.

మరి వాళ్లు అడిగేదెవరిని? మొదట ఆశమ్మను, ఏఎన్ఎంను. మనవాళ్లే గనుక విసుక్కోరు. కానీ వాళ్లకు తెలిసింది ఐరన్ గోలీలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, టీకాల వరకే. ఐరన్ మింగితే మలం నల్లగా వస్తుందని ముందే చెప్పే ఆశ వర్కర్ ఒక గర్భిణి మధ్యలో మానేయకుండా కాపాడినట్టే. అంతకు మించిన ప్రశ్న వస్తే “సారును అడుగు” అంటారు. పీహెచ్‌సీలో సారు ముందు లైను ఉంటుంది. ప్రపంచవ్యాప్తంగా వైద్యుడు ఒక్కో రోగితో గడిపే సమయాన్ని పోల్చిన 2017 నాటి అధ్యయనంలో స్వీడన్ ఇరవై రెండు నిమిషాలు దాటింది, బంగ్లాదేశ్ 48 సెకన్ల దగ్గర ఆగింది, మన దేశం రెండు నిమిషాల చిల్లర. ఆ రెండు నిమిషాల్లో నాడి పట్టాలి, చీటీ రాయాలి. “ఇది తిన్నంక వేసుకోవాల్నా సారూ?” అన్న ప్రశ్న మూడో నిమిషానిది, ఆ నిమిషం వెనకున్న మనిషికి చెందినది. కసురు అక్కడ పుడుతుంది.

ఇక మిగిలింది మందుల దుకాణం. చట్టం అసలు ఈ పనిని ఎవరికి అప్పజెప్పిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం చీటీ చూసి మందిచ్చే పని నమోదైన ఫార్మసిస్టుది మాత్రమే. 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు ఇంకా ముందుకెళ్లాయి. మందు పేరు, ఎంత, ఎప్పుడు, ఎన్నాళ్లు, ఏ దుష్ఫలితాలు రావచ్చు, దేనితో కలిపి వాడకూడదు, ఎక్కడ దాచాలి, ఒక పూట మరిచిపోతే ఏం చేయాలి, ఇవన్నీ రోగికి వివరించడం ఫార్మసిస్టు బాధ్యత అన్నాయి. మనం మొహమాటపడుతూ అడిగే ప్రశ్నలన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. కౌంటరు వెనక మాత్రం గోడకు వేలాడే సర్టిఫికెట్టు ఒకరిది, మందిచ్చే చేయి ఇంకొకరిది. ఆ కుర్రాడికి జవాబు తెలియదు, తెలియదని చెప్పడం నామోషీ. “డాక్టర్ రాసిండు కదా” అన్న కసురు చాలాచోట్ల అహంకారం కాదు, తెలియనితనానికి తొడిగిన చొక్కా.

పెట్టె మీద చూసుకోవచ్చు కదా అంటారు. పెట్టె ఇంగ్లిషులో ఉంటుంది. 2023 ఆగస్టు 1 నుంచి బాగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. మంచిదే, నకిలీని పట్టుకోవడానికి. స్కాన్ చేస్తే జెనరిక్ పేరు, బ్రాండు, కంపెనీ, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు, లైసెన్సు నంబరు వస్తాయి. తినకముందా తిన్న తర్వాతా అన్న సంగతి ఉండదు. ఐరోపా దేశాల్లో 2001 నాటి ఆదేశం ప్రకారం మందు డబ్బాలో ఆ దేశపు భాషలో కరపత్రం ఉండాలి. అది మామూలు జనానికి అర్థమవుతోందో లేదో రోగుల చేత చదివించి చూడాలి కూడా. మన డబ్బాల్లో కాగితం ఉన్నా అది డాక్టర్ల కోసం రాసింది. పప్పు ప్యాకెట్టు మీదా సబ్బు రేపర్ మీదా తెలుగు కనిపించే రాష్ట్రంలో మందు డబ్బా మీద కనిపించకపోవడాన్ని మనమెవరమూ వింతగా చూడం.

దీనివల్ల ఏమవుతుందో ఒక్క ఉదాహరణ. షుగరు ఉన్న ఒక ముసలాయన ప్రభుత్వ దవాఖానలో గ్లిమెపిరైడ్ అన్న పేరుతో గోలీలు తెచ్చుకుంటాడు. కొడుకు పట్నంలో ప్రైవేటు డాక్టరుకు చూపించి ఇంకో బ్రాండు పేరుతో అదే మందు కొనిస్తాడు. రంగు వేరు, పేరు వేరు, రెండూ మింగుతాడు. చక్కెర పడిపోయి తెల్లారేసరికి మంచంలో మాట లేకుండా ఉంటాడు. జలుబు గోలీలోనూ జ్వరం గోలీలోనూ పారాసిటమాల్ ఉంటుందని తెలియక రెండూ వేసుకునేవాళ్లదీ ఇదే దారి. “ఈ రెండూ ఒకటేనా?” అన్నది మందుల విషయంలో అడగదగిన ప్రశ్నలన్నిటిలోకీ విలువైనది. కాస్త పేరు చదవగలిగినవాడు అర నిమిషంలో జవాబివ్వొచ్చు. చిత్రంగా, ఎక్కువ వెక్కిరింతలు పడేది కూడా దీనికే, ఎందుకంటే అది తెలివితక్కువ ప్రశ్నలా వినిపిస్తుంది.

దగ్గరివాళ్లు చెప్పనప్పుడు మనిషి ముఖం తెలియనివాళ్లను అడుగుతాడు. గోలీ పట్టీకి ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. ఊరి గ్రూపు, కులసంఘం గ్రూపు, పదో తరగతి బ్యాచ్ గ్రూపు. గల్ఫ్‌కు పోయినవాడు అక్కడి తెలుగువాళ్లను అడుగుతాడు. ఇక్కడ చీటీ మీద దొరికే ట్రమడాల్‌ను ముందస్తు అనుమతి లేకుండా యూఏఈలోకి తీసుకుపోతే జైలు దాకా పోవచ్చని చాలామందికి తెలిసింది సాటి కూలీల నోటి నుంచే. అమెరికాలో ఉన్న కోడలు ఇక్కడి డోలోకు అక్కడ ఏ పేరని అడుగుతుంది. పారాసిటమాల్‌ను అక్కడ అసిటమినోఫెన్ అంటారని ఎవరో ఒకరు చెబుతారు. ఇవి అపరిచితులు చేసిన మేలు. అవి కూడా లెక్కలో వేయాలి.

కానీ అదే గుంపులో వేరే గొంతులు కూడా లేస్తాయి. “గూగుల్ డాక్టర్ వచ్చిండు.” “నువ్వు డాక్టరా, నేను డాక్టరా?” “ఐదు వందల ఫీజు మిగుల్చుకుందామనా?” చివరిది అన్నిటికన్నా పాపపు మాట. అమ్రాబాద్ నుంచి అచ్చంపేట దాకా బస్సుచార్జీ, ఒక రోజు కూలీ, ఫీజు కలిపితే ఎంతవుతుందో లెక్కగట్టకుండా అనేది.

నిద్రమాత్రల గురించి, నొప్పి మాత్రల గురించి అడిగితే ఇంకా ఘోరం. అడిగినవాడు మత్తుకు బానిస అని ముద్ర పడుతుంది. తెలంగాణలో ఈ విషయానికి ఒక ప్రత్యేక చరిత్ర ఉంది. కల్లులో అల్ప్రజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మడం పాలమూరు వైపు కూడా పాత జబ్బే. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. ఆ కల్లు తాగేవాడికి తాను అల్ప్రజోలం మింగుతున్నానని తెలియదు. దుకాణం మూతపడ్డ మూడో రోజు చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, పిచ్చిగా మాట్లాడతాడు, కొందరికి ఫిట్స్ వస్తాయి. అప్పుడు భార్య ఎవరినో అడుగుతుంది, నిద్రకు ఏదన్నా గోలీ ఉందా అని. ఆమెకు దక్కాల్సిన మాట, ఇది ఒక్కసారిగా ఆగినందుకు వచ్చిన బాధ, సొంతంగా ఆపడం ప్రమాదం, వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి అని. దక్కేది నీతిబోధ. 2022 అక్టోబర్‌లో మొదలైన మానసిక ఆరోగ్య సలహా సేవ టెలిమానస్ 14416 నంబరుకు ఫోన్ చేయొచ్చని చెప్పేవాడు పదిమందిలో ఒకడు దొరికితే గొప్ప.

డాక్టర్ల వైపు నుంచి కూడా చూడాలి. కనపడని రోగికి జవాబిచ్చి ఏదన్నా జరిగితే ఎవరి మెడకు చుట్టుకుంటుంది? 1995లో సుప్రీంకోర్టు వి.పి. శాంత కేసులో వైద్యసేవను వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. 2023లో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన నిబంధనలు బహిరంగ సామాజిక మాధ్యమాల్లో మందులు సూచించొద్దన్నాయి. ఆ నిబంధనలను అదే ఏడాది ఆగస్టు 23న పక్కన పెట్టారు, అయినా భయం మిగిలింది. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఫోన్‌లో ఏ మందు రాయొచ్చో, ఏది ముఖాముఖి చూడకుండా రాయకూడదో విడదీశాయి. మత్తు కలిగించే మందులు, షెడ్యూల్ ఎక్స్ మందులు ఫోన్‌లో అసలే కుదరవు. కాబట్టి చెప్పనని అనే హక్కు డాక్టరుకు ఉంది, కొన్నిచోట్ల అదే ధర్మం. పక్కన పెట్టిన ఆ 2023 నిబంధనల్లోనే ఒక మంచి మాట ఉంది. ఎవరైనా బహిరంగంగా అడిగితే టెలిమెడిసిన్‌కో ప్రత్యక్ష పరీక్షకో దారి చూపమని. నిరాకరించడం వేరు, అవమానించడం వేరు. 2002 నాటి వైద్య నైతిక నియమావళి కూడా ఓర్పునూ సున్నితత్వాన్నీ వైద్యుడి విధుల్లోనే లెక్కగట్టింది.

దురుసుతనం డాక్టర్ల మీదికి వచ్చినా నష్టమే. ఇజ్రాయెల్‌లో నవజాత శిశు వైద్య బృందాలతో చేసి 2015లో ప్రచురించిన ప్రయోగంలో, బయటి నిపుణుడొకడు నాలుగు పొగరు మాటలు అన్న బృందాలు రోగనిర్ధారణలోనూ చేతిపనిలోనూ వెనకబడ్డాయి. సమాచారం పంచుకోవడం, సాయం అడగడం తగ్గిపోవడమే అందుకు కారణంగా తేలింది. చదువుకున్న డాక్టర్లే ఒక పెడసరి మాటకు నోరు మూసుకుంటే, మందుచీటీ చదవలేని తల్లి సంగతి చెప్పేదేముంది? ఆమె మందు మానదు, అడగడం మానుతుంది. లేదా వేరేచోట అడుగుతుంది.

అసలు ప్రమాదం ఆ వేరేచోటుది. మెత్తగా మాట్లాడేవాళ్లకు కొదవ లేదు. డిగ్రీ లేని ఊరి ఆర్ఎంపీ అర్ధరాత్రి లేచి వస్తాడు, అప్పు పెడతాడు, “ఏం గాదు బిడ్డా” అంటాడు. నొప్పుల గోలీ, వాపు తగ్గడానికి డెక్సామెథసోన్, ఒక యాంటీబయాటిక్ కలిపి పొట్లం కట్టి ఇస్తాడు, పేరు చెప్పడు. పేరు అడగాలన్న ఆలోచన కూడా రాదు, అంత ఆదరంగా ఇస్తాడు. తెలంగాణ వైద్య మండలి, ఔషధ నియంత్రణ శాఖ ఈమధ్య ఇలాంటివాళ్ల మీద వరసగా దాడులు చేశాయి. చేయాల్సిందే. అయితే ఆయన ఖాళీ చేసిన కుర్చీలో జవాబు చెప్పే మనిషిని మాత్రం ఎవరూ కూర్చోబెట్టలేదు. పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో ఇలాంటి వైద్యులకు తొమ్మిది నెలలు శిక్షణ ఇచ్చి చూసిన ప్రయోగం 2016లో సైన్స్ పత్రికలో వచ్చింది. రోగాన్ని సరిగ్గా చూడటం మెరుగైంది, అనవసరపు యాంటీబయాటిక్‌లు రాసే అలవాటు మాత్రం తగ్గలేదు. శిక్షణతో అన్నీ చక్కబడతాయనేవాళ్లూ, తరిమేస్తే చాలుననేవాళ్లూ ఇద్దరూ చదవాల్సిన ఫలితం.

యూట్యూబులో “మిత్రులారా” అంటూ మొదలుపెట్టి షుగరుకు పొడి అమ్మేవాళ్లు ఆర్ఎంపీ కన్నా మెత్తన. 1954 నాటి మాయా ఔషధాల ప్రకటనల చట్టం కింద షుగరు నయమవుతుందని ప్రకటించడమే నేరం. ఆ చట్టం కాగితాలకు భయం పెట్టింది, ఫోన్‌కు ఇంకా పెట్టలేకపోతోంది. తెలిసినవాడు కసిరినప్పుడల్లా తెలియనివాడికి ఒక గిరాకీ చేరుతుంది.

ఇప్పుడు యంత్రం కూడా వచ్చింది. 2023లో జామా ఇంటర్నల్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం 195 మంది ప్రశ్నలకు డాక్టర్లు రాసిన జవాబులనూ, చాట్‌జీపీటీ రాసినవాటినీ పక్కపక్కన పెట్టింది. దాదాపు 79 శాతం సందర్భాల్లో నిర్ణేతలు యంత్రం వైపే మొగ్గారు, దయలో మరీ ఎక్కువగా. డాక్టర్ల జవాబు సగటున యాభై మాటలు, యంత్రానిది రెండు వందలు దాటింది. నిర్ణేతలు కూడా వైద్యరంగంవాళ్లే, రోగులు కారు, ప్రశ్నలు ఇంగ్లిషువి. ఆ ఫలితాన్ని అమ్రాబాద్‌కు అలాగే మోసుకురాలేం. కానీ అలసట లేనిదానికి దయ చవక అన్న సంగతి మాత్రం అది చూపించింది. మొదట్లో చెప్పిన మూత్రం రంగు ప్రశ్న వేస్తే, ఏ గోలీ అని ఎదురు ప్రశ్న అడిగే యంత్రం పనికొచ్చేది. అడగకుండా రెండు వందల మాటల ఓదార్పు పంపేది ఆర్ఎంపీకి తమ్ముడు.

తెలుగువాళ్లకు ఈ విషయంలో మంచి అనుభవాలు లేకపోలేదు. విజయవాడ డాక్టర్ జి. సమరం స్వాతి వారపత్రికలో నడిపిన శీర్షిక ఒకటి. భార్యతో చెప్పుకోలేనివి, అన్నతో చెప్పుకోలేనివి జనం ఉత్తరాల్లో రాశారు, ఆయన వెటకారం లేకుండా జవాబిచ్చాడు. ఒకడు అడిగితే వేలమంది చదివారు. డేవిడ్ వెర్నర్ పుస్తకాన్ని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ‘వైద్యుడు లేనిచోట’గా తెచ్చింది. ఆ పుస్తకం చివర పచ్చ పేజీలుంటాయి, ఒక్కో మందూ దేనికి, ఎంత, ఏ జాగ్రత్తలతో అని. మెక్సికో కొండల్లోని పల్లెవాళ్ల కోసం స్పానిష్‌లో మొదలైన పని అది. పల్లెవాడికి ఇంత వివరం ఎందుకని వెర్నర్ అనుకోలేదు.

అన్నిటికన్నా పెద్దది 104. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైంది. ఏ పల్లె నుంచైనా ఉచితంగా ఫోన్ చేస్తే ముందు పారామెడికల్ సిబ్బంది వయసు, లక్షణాలు ఒక వరసలో అడిగి, అవసరమైతే డాక్టరుకు కలిపేవాళ్లు, అదంతా తెలుగులోనే. అదే ఏడాది ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో అప్పుడు అమ్రాబాద్ ఉన్న మహబూబ్‌నగర్ కూడా ఒకటి. ఆపరేషన్‌కు కార్డు వచ్చింది, సలహాకు ఫోన్ వచ్చింది. కార్డు గురించి ఎన్నికల్లో మాట్లాడారు, ఫోన్ గురించి ఎవరూ మాట్లాడలేదు. అపరిచితుడే అయినా జవాబు చెప్పడమే ఉద్యోగమైనవాడు కసరడం అరుదు. వాడి ముందు ప్రశ్నల వరస రాసి ఉంటుంది, చెబితే జీతం వస్తుంది, వెనక డాక్టరున్నాడన్న ధీమా ఉంటుంది. గ్రూపులో కసిరేవాడికి ఈ మూడింట్లో ఒక్కటీ లేదు.

అడిగేవాళ్లు చేయగలిగింది కొంత ఉంది. తెల్ల గోలీ, ఎర్ర గోలీ అంటే ఎవరూ చెప్పలేరు. పట్టీ వెనక పేరు, ఎన్ని మిల్లీగ్రాములన్నది కనబడేలా ఫోటో తీయాలి. రోగి వయసు, గర్భం ఉందా, ఇంకేం మందులు వాడుతున్నారు, ఎప్పటి నుంచి అన్నవి ముందే చెప్పాలి. గ్రూపులో పెట్టేటప్పుడు చీటీ మీది రోగి పేరు కప్పేయాలి. మందు పడక ఏదన్నా అయితే, మందుల దుష్ఫలితాలను నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ టోల్‌ఫ్రీ 1800-180-3024కు రోగి సొంతంగా కూడా చెప్పొచ్చు. నకిలీ అనుమానమైతే తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖది 1800-599-6969. 2025లో మధ్యప్రదేశ్‌లో కోల్డ్‌రిఫ్ దగ్గుమందు పిల్లల ప్రాణాలు తీశాక, ఏ బ్యాచ్ అని అడగడం వెర్రి అనుమానం అనే నోరు ఎవరికీ లేదు.

జవాబు చెప్పేవాళ్లకు కూడా పెద్ద చదువు అక్కర్లేదు. “నాకు తెలియదు, ఇక్కడ అడుగు, అప్పటిదాకా ఆపొద్దు” అన్నా సంపూర్ణమైన జవాబే, ఆ ఆపొద్దు అన్నది ఆ మందుకు నిజమైతే.

అయినా ఇది ఎవరి మంచితనం మీదా వదిలేయాల్సిన పని కాదు. మందుల గురించి రోగికి వివరించడమే ప్రధానంగా నేర్పే ఆరేళ్ల ఫార్మ్.డి కోర్సు మన దేశంలో 2008లో మొదలైంది. తెలంగాణ కాలేజీల నుంచి ఏటా బ్యాచులు బయటికొస్తున్నాయి. వాళ్లలో చాలామంది హైటెక్ సిటీ కంపెనీల్లో ఫార్మకోవిజిలెన్స్ ఉద్యోగాల్లో ఉన్నారు. అమెరికాలోనో ఐరోపాలోనో ఒకామె గోలీ మింగాక ఒళ్లు దద్దురులెక్కిందని చెబితే, ఆ ఫిర్యాదును హైదరాబాద్‌లో ఒక తెలుగు అమ్మాయి శ్రద్ధగా చదివి, ఇంకేం మందులు వాడుతోంది, ఎన్ని రోజులకు వచ్చింది, ఆపితే తగ్గిందా అని ప్రశ్నలు పంపి నమోదు చేస్తుంది. నాగర్‌కర్నూల్‌లో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, అందులో ఫార్మకాలజీ విభాగం ఉంది. అక్కడొకరిని, అచ్చంపేట దవాఖానలో ఒకరిని ఇలాంటి పట్టభద్రులను ఫోన్ ముందు కూర్చోబెట్టడానికి అయ్యే ఖర్చు రెండు జీతాలు. ఆ రెండు పోస్టులు ఏ శాఖ కింద వేయాలన్న దగ్గరే ఫైలు మొదలవ్వాలి.